పులికాటు రోడ్డే పరుగుల బాట: పర్రలోకి దిగితేనే పేచీ

సూళ్లూరుపేట: తెల్లవారుజామున శ్రీహరికోట రోడ్డు పట్టి తూర్పుగా వెళ్లేవారికి ముందుగా కనిపించేవి పక్షులు కావు, పరుగెత్తే కాళ్లు. చీకటి ఇంకా విడవదు. రెండు పక్కలా పులికాటు నీళ్లు మసక మసకగా మెరుస్తుంటాయి. ఆ మధ్యనున్న తారు రోడ్డుపై ముగ్గురేసి, నలుగురేసి కుర్రవాళ్లు రొప్పుకుంటూ పోతుంటారు. ఒకరి చేతిలో సెల్‌ఫోను, అందులో గడియారం. ఇంకొకరి కాళ్లకు బూట్లు కూడా ఉండవు. వెనుక ఒక మోటారు సైకిలు మెల్లగా వస్తుంటుంది. దాని మీద ఎవరో ఒక తండ్రి. ముందు పరుగెత్తేది ఆయన కూతురు. లైటు వెలుగు ఆమె కాళ్ల ముందు పడేలా ఆయన బండి నడుపుతుంటాడు.

వీరెవరూ ఒళ్లు తగ్గించుకోవడానికి వచ్చినవారు కారు. పోలీసు కానిస్టేబులు, సైన్యం, కేంద్ర బలగాల ఉద్యోగాల కోసం పరుగు నేర్చుకుంటున్నవారు. సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం, చిట్టమూరు మండలాల పల్లెల్లో ఇంటర్‌తోనో డిగ్రీతోనో చదువు ముగించిన యువకులకు ఊళ్లో చేయదగిన పని తక్కువ. వలలు పట్టే ఇళ్లలో చేపల రాబడి తగ్గింది. సేద్యం ఒక్కటే నమ్ముకోవడానికి లేదు. అందుచేత ఈ రోడ్డు మీద పరుగెత్తే ప్రతి జత కాళ్ల వెనుక ఒక కుటుంబం ఆశ ఉన్నదని వేరే చెప్పనక్కరలేదు.

కాగా ఈ పరుగులు సాగే చోటు వన్యప్రాణి అభయారణ్యం. ఒడిశాలోని చిలికా తరువాత దేశంలో రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఆంధ్ర ప్రాంతంలోని భాగాన్ని 1976లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. చిరకాలం నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ సరస్సు గట్టు 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా కిందికి వచ్చింది. జిల్లా మారినా పేచీ మారలేదు. కుర్రవాళ్లు పరుగెత్తవచ్చునా, ఎంతవరకు వెళ్లవచ్చు, ఎక్కడ ఆగాలి అన్నది ఎవరికీ సరిగా తెలియదు. తెలియనందువల్లనే అటు పక్షులకూ ఇటు పిల్లలకూ చిక్కు వస్తున్నది.

ఎనిమిది నిమిషాల లెక్క

ముందు ఈ పరుగు ఎంత గట్టిదో చూద్దాం. రాష్ట్రంలో 6,100 కానిస్టేబులు ఉద్యోగాలకు 2022లో ప్రకటన వెలువడింది. పురుషులు 1,600 మీటర్లు 8 నిమిషాల లోపు, స్త్రీలు 10 నిమిషాల 30 సెకండ్ల లోపు పరుగెత్తాలి. దీంతోపాటు 100 మీటర్ల పరుగు, లాంగ్ జంప్ ఉంటాయి. సైన్యంలో చేరే అగ్నివీరులకు అదే 1,600 మీటర్లను 5 నిమిషాల 30 సెకండ్లలో ముగించినవారికి పూర్తి మార్కులు. కేంద్ర బలగాల కానిస్టేబులు పరీక్షలో పురుషులకు 5 కిలోమీటర్లు, గడువు 24 నిమిషాలు.

ఎనిమిది నిమిషాలంటే చాలా ఉందే అని కుర్చీలో కూర్చున్నవారికి అనిపించవచ్చు. లెక్క వేస్తే 400 మీటర్లకు రెండే నిమిషాలు. నాలుగు చుట్లు ఒకే వేగంతో తిరగాలి. మొదటి చుట్టు ఊపుగా ఒకటిన్నర నిమిషంలో కొట్టినవాడు మూడో చుట్టులో కూలబడతాడు. అలవాటు లేని శరీరానికి ఇది రెండు వారాల్లో వచ్చే విద్య కాదు. నెలలు పడుతుంది.

ఆ నెలలు ఏళ్లయిన సంగతి కూడా పాఠకులకు తెలిసిందే. 2022 ప్రకటనకు ప్రాథమిక రాతపరీక్ష 2023 జనవరి 22న జరిగింది. 95 వేల మందికి పైగా నెగ్గారు. ఆ మార్చిలోనే జరగవలసిన దేహదారుఢ్య పరీక్షలు వాయిదా పడ్డాయి. తరువాత కోర్టు వ్యాజ్యాలు వచ్చాయి. చివరకు 2024 డిసెంబరు 30న గాని పరుగు పందెం మొదలు కాలేదు. అంటే దాదాపు రెండేళ్లు. తుది ఫలితాలు 2025 ఆగస్టు 1న వచ్చాయి. ఈ రెండేళ్లలో పరుగు మానేస్తే శరీరం మొద్దుబారుతుంది, మానకపోతే కూలికి వెళ్లే ఓపిక ఉండదు. తేదీ ఎప్పుడో తెలియకుండా పరుగెత్తడమంత కష్టం ఇంకొకటి లేదని రోడ్డు మీద కనిపించిన ప్రతివారి మాట. పరుగు మానకూడదు కాబట్టి చోటు కావాలి. చోటు కోసం వెతికితే సరస్సు రోడ్డు కనిపించింది.

ఈ రోడ్డే ఎందుకు?

ఊళ్లలో చోటు లేదా అని అడగవచ్చు. బడి ఆవరణలు చిన్నవి. చెరువు కట్టలు గతుకులు, పైగా చిల్లచెట్ల ముళ్లు. జాతీయ రహదారి మీద పరుగెత్తడమంటే లారీల కింద తల పెట్టడమే. పొలం గట్టు మీద సాధన చేద్దామంటే నాలుగు అడుగులకు ఒక మలుపు.

శ్రీహరికోట రోడ్డు సుమారు 18 కిలోమీటర్లు. సరస్సులో నేరుగా, ఎత్తుపల్లాలు లేకుండా సాగుతుంది. కొండ లేదు, దిగుడు లేదు. కిలోమీటరు రాళ్లు ఉన్నాయి కనుక కొలత టేపు అవసరం లేదు. వేసవిలో కూడా వేకువన చల్లగాలి ఉంటుంది. ఊపిరి పట్టడం నేర్చుకోవడానికి ఇంతకంటె మంచి రోడ్డు ఈ చుట్టుపక్కల లేదన్నది నిజం.

అయితే చదును రోడ్డు మోసం కూడా చేస్తుంది. ఈ సంగతి కొత్తగా వచ్చేవారికి తెలియదు. శీతాకాలంలో గాలి ఈశాన్యం నుండి వస్తుంది. సూళ్లూరుపేట వైపు నుండి పోతుంటే ముఖాన కొడుతుంది, తిరుగు ముఖంలో వెనుక నుండి నెడుతుంది. గాలి నెట్టిన దిక్కుగా ఒక్కసారే 1,600 మీటర్లు పరుగెత్తి గడియారం చూసుకున్నవాడు తన కాలం చూసి మురిసిపోతాడు. సెలక్షను మైదానంలో గాలి ఒక పక్కే ఉండదు. పైగా అక్కడ మలుపులు ఉంటాయి. నేరు రోడ్డుకు అలవాటు పడిన కాలు మలుపులో తడబడుతుంది. అందుచేత 800 మీటర్లు వెళ్లి, మళ్లీ 800 మీటర్లు వచ్చి, రెండూ కలిపి లెక్క వేసుకోవడమే సరైన పద్ధతి. వారంలో రెండు రోజులైనా ఊరి మైదానంలో గుండ్రంగా తిరగాలి. తారు గట్టిది కాబట్టి రోజూ దాని మీదే పరుగెత్తితే మోకాలి కింద ముందు ఎముక నొప్పి పుడుతుంది. ఈ నొప్పితోనే చాలామంది కుంటుతూ కనిపిస్తున్నారు. బూట్లు లేనివారికి ఇది మరీ ఎక్కువ.

ఆ నొప్పే వారిని పర్రలోకి దింపుతున్నది. చిక్కు మొదలయ్యేది అక్కడే.

పర్ర మెత్తన, పక్షి బెదురు

సరస్సు లోతు తక్కువ. చాలా చోట్ల మొలలోతు కూడా ఉండదు. అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురిసే ఈశాన్య వానలకు కాళంగి, స్వర్ణముఖి, ఆరణి నదుల నీరు చేరి సరస్సు నిండుతుంది. సంక్రాంతి దాటిన తరువాత మెల్లగా తగ్గుతుంది. వేసవికి రోడ్డుకు ఉత్తరాన మైళ్ల కొద్దీ పర్ర బయటపడుతుంది. ఎండిన పర్ర కాలికి మెత్తగా ఉంటుంది, మోకాలు నొప్పి పెట్టదు. కుర్రవాడికి అంతకంటె ఏం కావాలి?

మంచు కాలంలో గుజరాత్‌లోని కచ్ వైపు నుండి వచ్చే రాజహంసలకు తిండి దొరికేదీ ఇక్కడే. అవి తలకిందులుగా ముక్కు నీటిలో పెట్టి, బురదను వడపోసి, నాచును, సన్న పురుగులను తింటాయి. మోకాలిలోతు నీరు వాటికి కావాలి. ఎక్కువైనా పనికిరాదు, ఎండినా పనికిరాదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో నీరు తగ్గేకొద్దీ పక్షులు మిగిలిన మడుగుల్లో గుంపులు కడతాయి. పర్ర పరుగుకు అనువయ్యేదీ సరిగ్గా ఆ నెలల్లోనే. పేచీ ముదిరేది అందుకే ఆ రెండు నెలల్లో.

రోడ్డు మీద పోయే బస్సును పక్షి పట్టించుకోదు. రోజూ చూసి అలవాటు పడింది. అదే రోడ్డు దిగి నేరుగా తన వైపు వచ్చే మనిషిని చూస్తే గుంపంతా లేచిపోతుంది. ఈ విలేఖరి ఒక వేకువన రోడ్డు మీద నిలబడి చూశాడు. ఇద్దరు కుర్రవాళ్లు పర్రలోకి దిగి పరుగు అందుకున్నారు. దూరాన మడుగులో ఉన్న గుంపు ముందు తలలెత్తింది, తరువాత నడక సాగించింది, ఆ తరువాత ఒక్కసారిగా లేచింది. అవి మళ్లీ దిగేసరికి పొద్దు చాలా ఎక్కింది. ఆ కుర్రవాళ్లకు తమ వల్ల ఇది జరిగిందని కూడా తెలియదు. వారి చూపు గడియారం మీదే ఉన్నది.

ఒకసారి లేస్తే ఏమవుతుందని కొందరు అడుగుతున్నారు. లేచిన ప్రతిసారీ తిన్న తిండి రెక్కల్లో ఖర్చు అవుతుంది. రోజుకు నాలుగుసార్లు లేపితే బలం చాలక ఆ పక్షి ఇంకో చోటు వెతుక్కుంటుంది. నేలపట్టు చెరువులోని కడప చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు కూడా పిల్లల కోసం చేపలు పట్టడానికి పులికాటుకే వస్తాయి. ఇక్కడ పెద్ద పక్షిని బెదిరిస్తే అక్కడ గూట్లో పిల్ల ఆకలితో ఉంటుంది. నేలపట్టు రైతులకు ఈ లెక్క బాగా తెలుసు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పొలానికి ఎరువని వారు తరాలుగా ఆ పక్షులను కాపాడుకుంటున్నారు. ఆ కట్ట మీద గూళ్ల కాలంలో పరుగు పెట్టాలన్న ఆలోచనే ఎవరూ చేయకూడదు. అక్కడ గూడు కట్టకు మరీ దగ్గర.

సరే, వేసవిలో వలస పక్షులు వెళ్లిపోయాక దిగవచ్చు గదా అంటే అదీ పూర్తిగా నిజం కాదు. తీతువు వంటి పిట్టలు గూడు కట్టవు. ఎండాకాలంలో బట్టనేల మీదే గుడ్లు పెడతాయి. గుడ్డు మట్టి రంగులోనే ఉంటుంది. కాలి కింద పడేదాకా కనిపించదు. ఇక పర్రలో మోటారు సైకిళ్లు తోలేవారి సంగతి వేరే చెప్పాలి. పరుగెత్తే కుర్రవాడి కంటె వారి చక్రాలే ఎక్కువ నష్టం చేస్తాయి. పిల్లవాడికి అడ్డు చెప్పేముందు ఆ బండ్లను ఆపవలసి ఉన్నది.

చట్టం చెప్పేది

అభయారణ్యంలో పరుగెత్తితే కేసు పెడతారని కొందరు, ఏమీ కాదని కొందరు. రెండూ సగం సగం నిజాలే. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం 27వ సెక్షను ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ప్రవేశించకూడదు. అయితే కొందరికి మినహాయింపు ఉన్నది. విధుల్లో ఉన్న ప్రభుత్వోద్యోగి, లోపల ఆస్తి హక్కు ఉన్నవారు, వారిపై ఆధారపడినవారు, ప్రజా రహదారి మీదుగా సాగిపోయేవారు. ఈ చివరి మాట ముఖ్యమైనది. తారు రోడ్డు మీద నడిచినా, సైకిలు తొక్కినా, పరుగెత్తినా అది రహదారి మీద ప్రయాణమే. రోడ్డు దిగి పర్రలో అడుగు పెట్టిన క్షణం నుండి అనుమతి కావాలి. 28వ సెక్షను కింద అనుమతి ఇచ్చే పనులు పరిశోధన, ఫోటోలు, పర్యాటకం వంటివి. పరుగు సాధన ఆ జాబితాలో లేదు. జంతువులను, పక్షులను బెదిరించడం, చెత్త వేయడం కూడా 27వ సెక్షనులోనే నిషేధించారు.

అంటే గీత స్పష్టంగానే ఉంది. తారు అంచే ఆ గీత. ఈ మాట ఒక బోర్డు మీద తెలుగులో రాసి రోడ్డు పక్కన పెడితే సగం తగాదా తీరిపోతుంది. ఉద్యోగం కోసం పరుగెత్తే పిల్లవాడి మీద కేసు పడితే ఆ ఉద్యోగానికే ఎసరు వస్తుంది. పోలీసు ఉద్యోగానికి పూర్వాపరాలు విచారిస్తారని అందరికీ తెలుసు. తెలియక దిగినవాడు అంత మూల్యం చెల్లించడం న్యాయం కాదు.

అసలు తప్పు ఎవరిది?

పర్ర ఇంత త్వరగా ఎందుకు బయటపడుతున్నదో కూడా చూడాలి. 1969లో శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న తొలి రాకెట్ రోహిణి-125 అక్కడి నుండి ఎగిరింది. ఆ కేంద్రం కోసమే సరస్సుకు అడ్డంగా ఈ రోడ్డు వేశారు. అంతకు ముందు దీవికి పడవలే దిక్కు. రోడ్డు వల్ల దేశానికి జరిగిన మేలు అందరికీ తెలిసినదే, దాన్ని కాదనేవారు లేరు. కాని రోడ్డు వేశాక సరస్సు రెండుగా చీలింది. ఉత్తరం నీరు దక్షిణానికి, దక్షిణం నీరు ఉత్తరానికి పోవాలంటే కల్వర్టులే దారి. సముద్రపు నీరు లోనికి వచ్చే రాయదొరువు, కొండూరుపాలెం ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోయాయి. వాటిని తవ్వాలని మత్స్యకారులు ఏళ్ల తరబడి మొత్తుకుంటూనే ఉన్నారు. నీరు రాక ఉత్తర భాగం ముందే ఎండుతున్నది. ఎండిన చోట చిల్లచెట్టు మొలుస్తున్నది. పశువులు, బండ్లు, మనుషులు అందరూ దిగుతున్నారు. నీరు నిలిచి ఉంటే కుర్రవాడు దిగేవాడే కాదు. కనుక పక్షులు తగ్గాయంటే వేలు చూపవలసినది ముందుగా ఆ పూడిక వైపు. పరుగెత్తేవాడి వంతు వచ్చేది ఆ తరువాతే.

2025 జనవరి 18 నుండి 20 వరకు ఫ్లెమింగో పండుగ జరిగింది. మూడు రోజులూ బస్సులు వేశారు, స్టాళ్లు పెట్టారు, జనం విరగబడి వచ్చారు. ఆ మూడు రోజులు పక్షిని చూడండని అందరినీ పిలిచి, మిగిలిన రోజుల్లో ఊరి పిల్లవాడిని చూసి ఎందుకు వచ్చావని కసిరితే వాడికి ఏమనిపిస్తుంది?

చేయదగిన పని

రోడ్డు మీద ప్రమాదం కూడా తక్కువేమీ కాదు. షార్ బస్సులు, సామాను లారీలు కదిలే వేళకు పరుగు ముగిసిపోవాలి. చీకట్లో నల్ల చొక్కాతో పరుగెత్తేవాడు డ్రైవరుకు కనిపించడు. తెల్ల చొక్కా గాని, మెరిసే పట్టీ గాని వేసుకోవాలి. ఎదురుగా వచ్చే బండి కనిపించేలా కుడి పక్కన ఒకరి వెనుక ఒకరు పోవాలి. చెవుల్లో పాటలు పెట్టుకుని పరుగెత్తడం ఈ రోడ్డు మీద ఎంతమాత్రం పనికిరాదు. రాకెట్ ప్రయోగం రోజున పోలీసు బందోబస్తు, జనం బండ్లు ఎక్కువ. ఆ రోజు సాధనకు సెలవు ఇవ్వడమే మంచిది.

ఊరి వైపు నుండి సరస్సు నీరు మొదలయ్యేదాకా ఉన్న ముక్క పరుగుకు చాలు. అక్కడ పొలాలు, ఇళ్లు ఉన్నాయి, వీధి దీపాల వెలుగు కొంత దూరం ఉంటుంది. దానిలో 800 మీటర్లు కొలిచి, రెండు చివరలా సున్నంతో గీత గీస్తే సరిపోతుంది. ఐదు కిలోమీటర్ల పరుగు సాధన చేసేవారికి మాత్రమే సరస్సు లోపలి రోడ్డు అవసరం. వారు కూడా అక్టోబరు నుండి మార్చి వరకు గుంపులుగా కేకలు పెట్టకుండా, రోడ్డు దిగకుండా పోయి రావచ్చు. వాకాడు వైపు ఊళ్లవారికి తూపిలిపాలెం తీరం ఉన్నది. పోటు తగ్గిన వేళ తడి ఇసుక గట్టిగా, కాలికి హాయిగా ఉంటుంది. నీటి అంచున ఒక పక్కకు వాలుగా ఉంటుంది కనుక వెళ్లేటప్పుడు ఎంత దూరమో వచ్చేటప్పుడు కూడా అంతే దూరం పరుగెత్తాలి. లేకుంటే ఒక కాలికే భారం పడుతుంది.

ఇవన్నీ కుర్రవాళ్లు చేసుకోగలరు. మైదానం మాత్రం వారి చేతిలో లేదు. మండలానికి ఒక 400 మీటర్ల మట్టి బాట వేయడానికి పెద్ద ఖర్చు కాదు. చదును చేసిన నేల, మొరం, కాస్త వాన నీరు పోయే దారి ఉంటే చాలు. ఉపాధి హామీ పనుల్లో ఆటస్థలాలను కూడా ఒక పనిగా చేర్చిన రోజుల్లో ఇక్కడి పంచాయతీలు దాన్ని అంతగా వాడుకోలేదని కుర్రవాళ్ల మనసులో ఉన్నది. పోరంబోకు ఎక్కడ ఉందో పంచాయతీకి తెలుసు, పర్ర ఎక్కడ మొదలవుతుందో అటవీ శాఖకు తెలుసు, బస్సు ఏ వేళకు వస్తుందో షార్‌కు తెలుసు. ముగ్గురూ ఒక పూట కూర్చుంటే తేలిపోయే విషయం.

ఈలోగా ఆ తండ్రి మోటారు సైకిలు లైటు వేసుకుని రోజూ వస్తూనే ఉన్నాడు. ఆ అమ్మాయి కాలం పది నిమిషాల నలభై సెకండ్ల దగ్గర ఆగి ఉన్నది. ఇంకో పది సెకండ్లు తగ్గాలి.